గోల్‌బజార్‌లో దొరికిన యుద్ధం

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, దసరాకు కొద్ది వారాల ముందు, మా ఆడియో కథల సంస్థ ఒక ఫాంటసీ సీరియల్‌ను నాకు అప్పగించింది. ఆఫీసు హైదరాబాదులో ఉండేది. నేను బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, తాల్‌బగీచాలోని మా ఇంటి నుంచే సీనియర్ కథా సంపాదకురాలిగా పనిచేసేదాన్ని. రచయితలు పంపిన భాగాన్ని దిద్ది వాయిస్ ఆర్టిస్టుకు పంపడం నా బాధ్యత. శ్రోతలు ఏ నిమిషం దగ్గర వినడం మానేశారో మాకు తెలిసిపోయేది. దాన్ని ‘డ్రాప్’ అనేవాళ్లం.

ఈ సీరియల్ రచయిత్రి ఎస్తేరు మా ఊళ్లోనే ట్రాఫిక్ కాలనీలో ఉండే బడి టీచరు. సంభాషణలు చక్కగా రాసేది కానీ, యుద్ధం మొదలైందంటే జనం జారుకునేవారు. రెండు యుద్ధాలు అలాగే పోయాయి. మూడోదీ పోతే కథ ముగించేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ మూడోదాంట్లో ఒక వంతెన కోసం రెండు రాజ్యాలు తలపడ్డాయి. బాణాలు ఆకాశాన్ని కప్పేశాయి, రక్తం ఏరులై పారింది. నేను తిప్పి పంపాను.

ఎస్తేరు నేరుగా మా ఇంటికే వచ్చేసింది. “ఏటక్కా ఇది? లక్షమంది సైన్యాన్ని దించినాను, మూడు డ్రాగన్లని ఎగరేసినాను. ఇంకా ఏటి కావాల?” అంది.

ఏం కావాలో నాకూ చెప్పడం రాలేదు. వాళ్లమ్మకు చీర కొనాలని ఎస్తేరు అంటే, తనతో గోల్‌బజార్‌కు బయలుదేరాను.

చీరల దుకాణంలో దుర్గాపూజల గిరాకీ. ఎస్తేరు గుట్టలోంచి ఎర్రంచు చీర ఒకటి లాగింది. అవతలి కొస అప్పటికే ఒక బెంగాలీ ఆవిడ చేతిలో ఉంది. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు. ఎస్తేరు చెప్పు ఊడింది. చిరిగిపోతుంది దీదీ అంటూ దుకాణదారు బెంగాలీలో మొత్తుకున్నాడు. ఇంతలో ఆవిడ కళ్లజోడు ముక్కు మీంచి జారింది. దాన్ని పట్టుకోబోయి ఆవిడ కొస వదిలేసింది. ఎస్తేరు చీరతో సహా వెళ్లి దుప్పట్ల మీద పడింది. ముందు ఆవిడే నవ్వింది.

బయట టీ తాగుతూ, దుకాణం లోపల ఎంతమంది ఉన్నారని ఎస్తేరును అడిగాను.

“ఎవులు సూసినారక్కా? నాకు ఆవిడ ఉంగరం వేలొక్కటే కనబడింది. నా గాజులు పగిలిపోనాయని కూడా ఇప్పుడే సూసినాను.”

“మరి నీ సేనాపతికి లక్షమంది ఎలా కనబడ్డారు?”

ఎస్తేరు పగలబడి నవ్వింది.

కొత్త ప్రతిలో వంతెన ఎంత ఇరుకో, దాని చివరి కోట తలుపు ఎటువైపుందో ముందే చెప్పింది. ఆ తలుపు వెనక సేనాపతి చెల్లెలు బందీగా ఉంది. ఇక మిగిలిందల్లా సేనాపతి చేతిలో ఆ తలుపు గొలుసు, దాని అవతలి కొస పట్టుకున్న కాపలావాడి చేయి. డ్రాగన్ ఉనికి సేనాపతి వీపు మీద పడ్డ వేడిగా మాత్రమే తెలుస్తుంది. తలుపు తెరుచుకునేసరికి సేనాపతి కుడిచేయి పనికిరాకుండా పోయింది. నేను విశేషణాలు కొట్టేసి, పెనుగులాట దగ్గర వాక్యాలు కురచ చేశాను. ఆ భాగంలో డ్రాప్ దాదాపు లేదు. నేను రిటైరయ్యాక కూడా సీరియల్ నడిచింది.

అప్పటి నుంచి ఏ యుద్ధం నా బల్ల మీదికొచ్చినా సైన్యం ఎంతో చూడలేదు. అందులో పోరాడే మనిషికి ఏం కావాలి, దానికోసం ఏం పోగొట్టుకుంటుంది అన్నదే చూశాను. అది తేలకపోతే ఎన్ని డ్రాగన్లు దిగినా శ్రోత నిలవడు.