గోడ తాగిన నీళ్లు

గోడకు చెమ్మ ఎక్కిన వాసన వస్తే చాలు, ఫ్యాక్టరీల పక్కనున్న చిట్కుల్ ఊళ్లోని మా కిరాయి గది గుర్తొస్తుంది. దాని గోడ వెనకే అమ్మ బోరు నీళ్లతో బట్టలు ఉతికేది. లోపలివైపు తడి మరక రోజురోజుకూ పైకి పాకేది.

"నీళ్లు పైకెట్ల పోతున్నయమ్మా?"

"గోడ తాగుతది బిడ్డా."

"గా బోరు నీళ్లు తాగితే సస్తవ్, ఫ్యాక్టరీ మందు కలిసింది" అని అంతకుముందు అమ్మే చెప్పింది మరి! గోడ చచ్చిపోయి మా మీద పడుతుందనుకున్నాను. మరక నా భుజం దాటిన రోజు చాపను దూరంగా లాగేసుకున్నాను.

గోడ పడలేదు. సున్నం మాత్రం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆ నీళ్లలో నానీ నానీ అమ్మ అరచేతులూ అలాగే పొరలు లేచేవి. గోడను చూసి భయమేసినప్పుడల్లా ఆ చేతినే చెంప కింద పెట్టుకుని నిద్రపోయేదాన్ని.