గీత దాటాక

ఆళ్లగడ్డలో పొద్దున్నే నా బట్టల కొట్టు షట్టర్ ఎత్తగానే మొదట వినిపించేది ఉలి చప్పుడు. వీధి చివర విగ్రహాలు చెక్కేవాళ్లు అప్పటికే పనిలో ఉంటారు. గాలి ఇటు తిరిగితే రాతి పొడి వచ్చి కౌంటర్ మీద సన్నగా పరుచుకుంటుంది. మాయదారి పొడి, తుడిచినకొద్దీ వస్తుంది. అది వేలికి అంటినప్పుడల్లా నాకు ప్రభావతి మేడం గుర్తొస్తారు. ఈ ఊళ్లో మా మ్యాచ్‌కి గీతలు వేసింది ఈ పొడితోనే.

నేను నంద్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ మాకు ఆటల మేడం. మేమంతా కబడ్డీ పిల్లలం. ఆ ఏడాది కబడ్డీ కోర్టు ఉన్న చోట కొత్త గదులకు పునాదులు తీశారు. ఇంకొకరైతే చేతులు దులుపుకునేవారు. ఈవిడ స్టోరు రూములోంచి ఒక ఫుట్‌బాల్ తెచ్చి మా ముందు పడేసి, "రేపట్నుంచి కాళ్లతో ఆడండి" అన్నారు. మా వైపు ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడటం అప్పటికి ఎవరూ చూడలేదు. ఆ మాటకొస్తే మేడమూ ఎప్పుడూ ఆడలేదు. ఆవిడకు తెలిసిందీ కబడ్డీయే. ప్రిన్సిపాల్ సరేనన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఈ ఏడాది ఒక్క గోలైనా కొట్టకపోతే జట్టు ఎత్తేస్తారట. మా నాయనకు బజారులో బట్టల కొట్టు. జట్టు పోతే నేను కాలేజీ వదలగానే కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టాలి. ఆ సాయంత్రపు గ్రౌండు తప్ప నాదని చెప్పుకోవడానికి నాకింకేమీ లేదు.

కబడ్డీలో కూతకు పోయిన మనిషి ఊపిరి బిగబట్టి, అవతలివాళ్లను తాకి, మధ్య గీత దాటి తిరిగి రావాలి. రాకపోతే అవుటు. అది మా ఒంట్లో ఇంకిపోయింది. ఫుట్‌బాల్‌లోనూ వెనక ఉండే పిల్లలు ఎదుటివాళ్లు రాగానే చేతులు పట్టుకుని గొలుసు కట్టేవారు. రిఫరీ ఈల ఊదలేక సచ్చేవాడు. నేనైతే బంతిని అవతలి సగంలోకి తీసుకుపోయి ఒక్క తన్ను తన్ని, అది ఏమైందో కూడా చూడకుండా వెనక్కి పరుగు. ఒకసారి నేను తన్నిన బంతి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారి గోల్ ముందే ఆగింది. తన్నడానికి మనిషి లేదు. నేను అప్పటికే గీత ఇవతల క్షేమంగా ఉన్నాను.

"యాడికి పోతాండావ్ మే?" మేడం కేకేశారు.

"తిరిగొచ్చినా కదా మేడం!"

"తిరిగొచ్చేదేందీ? ఇది కూత కాదు మే. ఈడ తిరిగొచ్చినోళ్లే అవుటు."

చూసేవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం నన్ను అవతలి సగంలో ఊరికే నిలబెట్టేవారు. బంతి ఉండదు, ఆట ఉండదు. "ఊపిరి వదులు. నిన్నెవురూ పట్టుకోరు. ఆడనే ఉండు" అనేవారు. పిచ్చిపట్టినట్టు అక్కడ నిలబడటం నాకు మొదట్లో తలకొట్టేసినట్టుండేది. తర్వాత అలవాటైంది.

ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోయాం, ఒక్క గోలూ లేకుండా. చివరిది ఆళ్లగడ్డలో. అక్కడా ఓటమి ఖాయమైపోయాక, ఆట ముగిసే వేళకు నాకు బంతి దొరికింది. తన్నాను. గోల్‌కీపర్ పడుకుని ఆపింది, బంతి మళ్లీ నా వైపే దొర్లింది. అంతలో గ్రౌండు పక్కనుంచి కేక.

"వచ్చెయ్ మే! పట్టుకుంటారు, వచ్చెయ్!"

ఎవరో కాదు, మేడమే. ఇన్నాళ్లూ నాకు పాఠం చెప్పిన మనిషి, ఆ క్షణంలో అన్నీ మరిచి కబడ్డీలోకి పోయారు. నా కాళ్లు సగం వెనక్కి తిరిగాయి కూడా. ఎందుకో ఆగాను. ఊపిరి వదిలాను. బంతి నా మోకాలి కింద తగిలి, నిదానంగా దొర్లి, గోల్ దగ్గరి రాతి పొడి గీత దాటింది. ఓడిపోయాం, కానీ జట్టు నిలిచింది.

నంద్యాల బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. "మీరే రమ్మని అరిచినారు గదా మేడం?" అన్నాను.

ఆవిడ నా మోకాలి మట్టి దులిపారు. "నీకేమన్నా అయితాదేమోనని భయమేసింది మే. ఇంగ నేను పిలిచినా రావద్దు."

మేడం పోయి ఏళ్లయింది. పెద్దగా ఏడ్చిన గుర్తు లేదు. ఆవిడంటే నాకు ఇష్టమని బతికుండగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నాయన తర్వాత నంద్యాల కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు. నాదంటూ ఒకటి ఉండాలని ఈ మధ్యే ఇక్కడ పెట్టుకున్నాను. బేరాలు అంతంత మాత్రమే. ఈ పొద్దు షట్టర్ ఎత్తుతుండగానే తమ్ముడి ఫోను.

"ఆడ ఏం వ్యాపారం జరుగుతాందక్కా? మూసేసి వచ్చెయ్."

వాడి గొంతులో ప్రేమే ఉంది, దాని వెనక భయమూ ఉంది. అట్లాంటి గొంతు నేనిదివరకు విన్నదే.

"ఈడనే ఉంటాలేరా" అన్నాను. ఊపిరి వదిలి, కౌంటర్ మీది పొడి తుడవడం మొదలుపెట్టాను.