బల్ల మీది అద్దం, ముక్కు మీది అద్దాలు

భూతద్దం కొనడానికి వెళ్ళినవాళ్ళు ఒక్కటే అడుగుతారు, ఎంత పెద్దగా చూపిస్తుందని. అది తప్పు ప్రశ్న. దాని కింద నా రెండు చేతులూ పడతాయా, నా కంటికి అది సరిపడుతుందా అని అడగాలి. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక వానాకాలమంతా భయంతో గడిపేదాన్ని కాదు.

మా ఆయన బెంగాల్లో ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. జ్వరమొచ్చి పోయాడు. ఆయన పోయాక నాకు ఖలాసీ పని ఇచ్చారు. అప్పటికి నాకు నలభై దాటాయి, వేలిముద్ర తప్ప ఇంకేమీ వేయడం రాదు. ఎక్కడ పెట్టాలో వాళ్ళకూ తెలియక గేజీల సెక్షన్లో పెట్టారు. ఆవిరి ఇంజన్లు నడుస్తున్న రోజులవి. బాయిలర్లో ఆవిరి ఎంత ఒత్తిడి మీద ఉందో ముల్లుతో డ్రైవరుకు చూపించేది గేజీ, చూడ్డానికి గోడగడియారంలా ఉంటుంది. చెడిపోయినవి మా దగ్గరికి వచ్చేవి. విప్పి బాగుచేయడం మేస్త్రి పని. విప్పిన ముక్కల్ని కిరసనాయిల్లో కడిగి తుడిచి పేర్చడం నా పని. ఊడ్చడం ఎలాగూ నాదే.

మేస్త్రిది సోంపేట వైపు ఊరు. నేను మావయ్యా అనేదాన్ని. నోరు గట్టిది, చెయ్యి మాత్రం నెమ్మది. నేను ఊరికే కూర్చుంటే చూడలేక కడిగిన ముక్కల్ని మళ్ళీ బిగించడం నేర్పాడు. నేర్పేటప్పుడు కూడా తిట్టేవాడు.

"నా తరవాత ఈ బల్ల మీదకి ఏ తాగుబోతెదవో ఒస్తాడు. ఆడికన్నా నువ్వే నయం. ఇలగ సూడు."

గేజీలో కష్టమైన పని అంతా ఒక స్ప్రింగు దగ్గరే ఉంటుంది. ముల్లు అడుగున వెంట్రుకంత సన్నంగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఒక చుట్టు పక్క చుట్టుకు తగలకూడదు. దాని కొసను చిన్న రంధ్రంలో దూర్చి సూదిమొనంత పిన్నుతో బిగించాలి. అది సరిగ్గా కూర్చోకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. అబద్ధం చెప్పే గేజీని నమ్ముకుని బాయిలరు పక్కన నిలబడేవాడి సంగతి ఆలోచించుకోండి.

ఆ ఏడాది మేస్త్రి రిటైరు కావాలి. మా చార్జిమన్ బెంగాలీ ఆయన, తెలుగువాళ్ళ మధ్య పనిచేసి చేసి బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ కలిపేసేవాడు. ఒకరోజు నా చీపురు ఆపించి చెప్పాడు.

"దీదీ, పూజో బాద్ టెస్టు పెడతాను. ఏక్ గేజీ, పూరా నువ్వే చెయ్యాలి. ఠీక్ హైతే బల్ల నీది. లేదంటే ఫౌండ్రీ."

పూజో అంటే దసరా. ఫౌండ్రీ అంటే ఇసుక తట్టలు మోయడం. నా నడుము దానికి ఒప్పుకోదని నాకు తెలుసు. కానీ నడుము సంగతి తర్వాత. నాకు ఆ బల్ల కావాలి. నేను బిగించిన స్ప్రింగు పట్టున ముల్లు నిదానంగా లేచి, మళ్ళీ సున్నా మీదకు దిగడం చూసినదాన్ని. ఆ తర్వాత ఇక చీపురు మీద మనసు నిలవలేదు.

ఒకటే చిక్కు. ఆ రోజుల్లోనే నాకు దగ్గరి వస్తువులు మసకబారడం మొదలైంది. బియ్యంలో రాళ్ళు తగ్గిపోయాయని సంబరపడ్డాను, పంటి కింద పడేదాకా. కిరసనాయిలు ఘాటుకు కళ్ళు పోతున్నాయేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తారని భయం. బల్ల మీద మేస్త్రి అద్దం ఉండబట్టి నెగ్గుకొచ్చాను. తెల్లవాళ్ళ కాలం నాటి ఇత్తడి చట్రం, పక్కన మర. మర తిప్పితే అద్దం పైకీ కిందికీ జరుగుతుంది. మసకగా ఉంటే కాస్త తిప్పేదాన్ని, స్ప్రింగు తేటపడేది. అద్దం పెద్దది చేసి చూపించడం వల్లే కనబడుతోందనుకున్నాను.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు వర్క్‌షాపులో ఎవరూ పనిముట్టు పట్టరు. సుత్తులకూ, ఆకురాళ్ళకూ, లేతు మిషన్లకూ గంధం, కుంకుమ. మా బల్లకు మేస్త్రే పెట్టాడు. మర్నాడు చూస్తే అద్దం నట్టనడుమ పెద్ద బొట్టు ఎండిపోయి ఉంది.

"ఏటి మావయ్యా, ఎప్పుడూ ఇత్తడికి కదా పెడతావు?"

"పని సేసేది ఇత్తడా, అద్దమా? దేవుడికి ఆ మాత్రం తెలీదేటి?" అని, పక్కనున్న నూలు పీచు తీసుకుని గట్టిగా తుడిచేశాడు.

ఆ పీచుతోనే మేం లేతు మిషను తుడిచేవాళ్ళం. ఇత్తడి రజను ఎంత ఉందో దానిలో. బొట్టు పోయింది, అద్దం మధ్యలో అడ్డదిడ్డంగా గీతలు మిగిలాయి. ఏ వైపు తిప్పినా ఆ గీతలే. మేస్త్రి దాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశాడు.

ఆఫీసును అడిగితే అద్దం వస్తుంది, అయితే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. టెస్టు దగ్గరపడుతోంది. నేనే కొనుక్కుందామనుకున్నాను. మేం అప్పుడు తాల్‌బగీచాలో అద్దెకుండేవాళ్ళం. అక్కణ్ణుంచి ప్రేమ్ బజారుకు నడిచిపోవచ్చు. పెద్ద ఇంజనీరింగు కాలేజీ గేటు అక్కడే. కాలేజీ కుర్రాళ్ళకు కావలసిన స్కేళ్ళు, పెన్నులు, డ్రాయింగు సామాన్లు అమ్మే తెలుగువాళ్ళ దుకాణం ఒకటుండేది. కూర్చునేది ఇల్లాలు. నేను ఒదినా అనేదాన్ని, ఆమె నన్నూ అదే అనేది.

ఒదిన మూడు అద్దాలు ముందు పెట్టింది. ఒకటి పిడి ఉన్నది, అప్పడమంత. ఒకటి మడతపెట్టి జేబులో వేసుకునేది, శనగగింజకు కాస్త పెద్దది. ఇంకొకటి మూడు కాళ్ళ మీద నిలబడేది, వెడల్పుగా, మరలేవీ లేకుండా. పిడిది పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. కాళ్ళదాన్ని కాగితం మీద పెట్టి చూశాను. అంతా మసక.

"ఇది సెడిపోయింది ఒదినా."

"అద్దం సెడిపోడమేటి? పాలా?" అని నవ్విందిగానీ, బేరాలు ఉండబట్టి ఆ మాట అంతటితో వదిలేసింది.

చిన్నది కంటికి ఆనించి చూస్తే నా వేలిముద్ర గీతలు దున్నిన చాళ్ళలా కనిపించాయి. ఇంకేం కావాలి. అదే తీసుకున్నాను.

దాంతో బల్ల దగ్గర నేను పడిన పాట్లు చూసి పక్క సెక్షను వాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. అంత జోరుగా చూపించే అద్దానికి వస్తువు దాదాపు ముక్కుకు తగలాలి. తల వంచితే నా తల నీడే పని మీద పడుతుంది. స్ప్రింగు పట్టుకునే చిమటా ఎత్తితే అద్దానికి కొట్టుకుంటుంది. కనబడినంత మేర బ్రహ్మాండంగా కనబడుతుంది, కానీ కనబడేది ఒక చుట్టులో ఒక ముక్క. ఆ ముక్క సరిచేస్తుంటే ఈ పక్క చుట్టు వంగిపోతుంది, అది నాకు తెలియదు.

"ఏటమ్మీ," అన్నాడు మేస్త్రి, "పని సేస్తన్నావా, వాసన సూస్తన్నావా?"

ఆ వారంలో మంచి స్ప్రింగులు వంచేశాను. మేస్త్రి వాటిని తీసి డబ్బాలో వేసేవాడు, తిట్టేవాడు కాదు. తిట్టకపోయేసరికే నాకు భయం వేసింది.

అద్దం తీసుకుని మళ్ళీ ప్రేమ్ బజారుకు వెళ్ళాను. మధ్యాహ్నం కావడంతో దుకాణంలో ఎవరూ లేరు. ఇంతకన్నా జోరుగా చూపించేది ఉందా అని అడిగాను. ఒదిన నన్ను ఎగాదిగా చూసి, పెన్సిలు డబ్బా ఒకటి చేతికిచ్చింది. "దీని మీద బొమ్మేటో సెప్పు."

నేను డబ్బాను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాను. "పులి."

"పులి సరే. అంత దూరం పట్టుకుంతావేటి? కరుస్తాదనా?"

తన మెడలో దారంతో వేలాడుతున్న కళ్ళజోడు తీసి నా ముక్కు మీద పెట్టింది. నేను పోయినసారి చెడిపోయిందన్న మూడుకాళ్ళ అద్దాన్నే ముందుకు జరిపింది. వంగి చూశాను. కాగితం నూలుపోగులతో సహా తేటగా ఉంది. నా రెండు చేతులూ దాని కిందికి సులువుగా వెళ్ళాయి.

"నీకు సత్వారమొచ్చింది ఒదినా. నలభై దాటితే అందరికీ ఒస్తాది. కళ్ళజోడు సెయ్యాల్సిన పని భూతద్దం సేత సేయిద్దామంటే ఎలగవుతాది?"

గుడ్డిదాన్ని కాబోతున్నానని ఇన్నాళ్ళూ లోపల్లోపల ఏడుస్తున్నదాన్ని. చత్వారమట. దానికి పేరు కూడా ఉంది, ఊరందరికీ ఉందట. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఒదిన మంచినీళ్ళిచ్చి, ఆ జోడు ఇక తిరిగి ఇచ్చెయ్యమంది.

అయితే ఖలాసీకి కళ్ళజోడా? పెట్టుకుంటే ఉద్యోగం ఉంటుందా? మేస్త్రిని అడిగాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఊరుకో అమ్మీ. నాకున్నాది ఎప్పట్నించో. ఆ మర అద్దంతోటే నెట్టుకొచ్చినాను. మొన్న బొట్టు కూడా ఇత్తడికే ఎట్టినాననుకున్నాను."

"మరి దేవుడికి తెలీదేటి అన్నావు?"

"దేవుడికి తెలుసు. నాకే తెలీలేదు."

ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం. తర్వాత నాకు నవ్వు పోయింది. ఇంత పనిమంతుడు, ఏ పుస్తకంలో రాసి ఉందో కూడా తెలియని రూలుకు జడిసి ఏళ్ళ తరబడి మర తిప్పుకుంటూ కూర్చున్నాడు. నేను అలా కూర్చోలేను. అవునో కాదో తేల్చుకుని తీరాలి. ఫౌండ్రీకే పోవాలంటే, తెలిసి పోతాను.

మంగళవారం రైల్వే ఆస్పత్రికి వెళ్ళాను. అక్షరాలు రావని ముందే చెప్పేశాను. కాళ్ళున్న గుర్తులు చూపించి, కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించమన్నాడు డాక్టరు. జోడు పెట్టుకుంటే ఉద్యోగం పోతుందా అని అడిగాను. నువ్వు ఇంజను నడుపుతావా అని హిందీలో అడిగాడు. లేదన్నాను. మరి బల్ల దగ్గర కూర్చుని చేసే పనికి జోడు పెట్టుకోవడానికేం, అని చీటీ రాసిచ్చాడు. అంతే. నా వానాకాలం భయమంతా ఆయనకు రెండు మాటల పని.

జోడు వచ్చిన రోజు మొదట చూసింది నా చేతుల్నే. ఇన్ని మడతలున్నాయని తెలియదు. ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. మా పేటలో ఒక టీచరమ్మ సాయంత్రాలు ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పేది. గోడ మీది నల్లబల్ల కనబడేది, పుస్తకం చేతికిస్తే చీమల బారులు. నాకు బుర్ర లేదని మానేశాను. జోడుతో మళ్ళీ వెళ్ళి పుస్తకం తెరిచాను. చీమలన్నీ నిలబడ్డాయి. కూడబలుక్కుని చదవడానికి చాలా కాలం పట్టింది. కానీ బుర్ర ఉందని ఆ సాయంత్రమే తెలిసింది.

ఒదిన దగ్గర చిన్న అద్దం మార్చుకుని మూడుకాళ్ళది తెచ్చుకున్నాను. దీపాన్ని ఎడమ పక్కకు జరిపాను. ముక్కు మీద జోడు, బల్ల మీద అద్దం. వస్తువు మరీ పెద్దగా ఏమీ కనబడదు, కానీ స్ప్రింగు మొత్తం ఒకేసారి కనబడుతుంది. ఏ చుట్టు ఏ చుట్టు మీదకు వాలుతోందో తెలుస్తుంది. ఎక్కువ పెద్దది చేయడం కాదు, సరిపడినంతే చేయడం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

దసరా పూజ సెలవులయ్యాక టెస్టు. జోడు పెట్టుకుని లోపలికి రాగానే లేతు దగ్గరున్నవాళ్ళు లేచి నిలబడి, "కలెక్టరమ్మ ఒచ్చినారు, దారియ్యండి" అన్నారు. "కూకోండి, మీ అర్జీలు తరవాత సూస్తాను" అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

చార్జిమన్ ఒక గేజీ ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. విప్పాను, కడిగాను. స్ప్రింగు కొస రంధ్రంలో దూరింది. పిన్ను పెట్టబోతే జారి బల్ల మీద ఎటో పోయింది. వెనక నుంచి మేస్త్రి దగ్గాడు. నేను తల కదపకుండా అద్దాన్ని మెల్లిగా జరుపుకుంటూ పోయాను. గుడ్డ అంచున పడి ఉంది. తీసి బిగించాను. చుట్లు చూశాను, ఏదీ దేనికీ తగల్లేదు.

గేజీని పంపుకు తగిలించి, పక్కన మంచి గేజీ పెట్టి, చార్జిమన్ తానే చేత్తో ఒత్తాడు. రెండు ముళ్ళూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. ఆయన నా గేజీ అద్దం మీద వేలితో తట్టి చూశాడు. నా ముల్లు కదల్లేదు. మళ్ళీ ఒత్తాడు. తర్వాత నన్నుగానీ మేస్త్రినిగానీ చూడకుండా లేచి, మేస్త్రి పక్కనున్న ఖాళీ స్టూలును కాలితో నా వైపు తోశాడు.

"ఠీక్ హై. బొషో దీదీ." కూర్చోమని. "ఊడ్చడానికి వేరే మనిషిని అడుగుతాను."

కూర్చున్నాను. ఆయన వెళ్ళిపోయాడు. మేస్త్రి నా వైపు చెయ్యి చాచాడు.

"ఆ జోడోసారియ్యి."

పెట్టుకుని నా గేజీ మీదకు వంగాడు. చాలాసేపు చూశాడు. "బయట సుట్టు ఒక రవ్వ కిందకున్నాది. పరవాలేదు, పనికొస్తాది." జోడు తీసి ఇవ్వబోయి, తుడవడానికి నేను కొంగు అందుకోవడం చూసి ఆగి, తన జేబులోంచి ఉతికిన రుమాలు తీసి తుడిచి ఇచ్చాడు.

"ఆ కళ్ళ డాక్టరు ఏ వారం కూకుంతాడు?"

"మంగళారం. రిటైరైపోతన్నావు కదా మావయ్యా, ఇప్పుడెందుకు?"

"పేపరు సదూకోడానికి. ఇన్నాళ్ళబట్టీ నా కోడలు సదివి ఇనిపిస్తంది. దానికి నచ్చిన కబుర్లే సదువుతాది."

మంగళవారం పొద్దున్నే వెళ్తే జనం తక్కువుంటారని చెప్పి, తర్వాతి గేజీని ముందుకు లాక్కున్నాను.