ఉద్దానంలో నా నడక

మెదడు కింద, పిట్యూటరీ గ్రంథి మీద పెరిగిన కణితిని విశాఖలో ముక్కులోంచే తీసేశారు. పైకి గాటు లేదు, కుట్టు లేదు. పలాసలో నన్ను చూడ్డానికొచ్చిన మా ఆఫీసువాళ్ళంతా మొహం కళకళలాడుతోందని మెచ్చుకున్నారు. వాళ్ళు మెట్లు దిగకముందే నేను నిద్రలోకి జారిపోయేదాన్ని. లేచాక నిద్రపోయినట్టే ఉండేది కాదు. జడ వేసుకుందామని చేతులెత్తి, సగంలో దించేసి కూర్చునేదాన్ని.

వంగొద్దు, బరువులెత్తొద్దు, ముక్కు చీదొద్దు, రోజూ కొద్దికొద్దిగా నడవండి అన్నారు డాక్టరు. హార్మోన్లు కుదుటపడేదాకా అలుపుంటుందన్నారు. ఎప్పటిదాకానో మాత్రం చెప్పలేదు. మళ్ళీ ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషినవుతానా, ఇలాగే మంచానికి అతుక్కుపోతానా అన్నదే నా భయమంతా.

సముద్రపు గాలి తగిలితే కోలుకుంటానని మా పిన్ని నన్ను ఉద్దానంలో, సోంపేట దగ్గర వాళ్ళ పల్లెకు తీసుకుపోయింది. మొదటి సాయంత్రం నడకకి బయల్దేరి నాలుగిళ్ళు దాటానో లేదో, ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వీధిలో వేసి కూర్చోమంది. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. కాస్త ముందుకెళ్తే ఇంకో కుర్చీ. వీధి పొడవునా అంతే. కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు ఉద్దానంలో ఉండదు. అలిసిన మనిషిని చూస్తే వాళ్ళకి మాటలక్కర్లేదు. పలాసలో నా అలుపును ఎవరూ నమ్మలేదు, ఇక్కడ అందరూ నమ్మారు, కాకపోతే వేరే జబ్బు కింద.

నాది కిడ్నీ కాదు మొర్రో అన్నాను. జాలిగా తలూపారు. చుట్టూ కొబ్బరితోటలే, నాకేమో నాలుక పీక్కుపోయే దాహం, ఒక్కరూ బొండం కొట్టివ్వరు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు పనికిరావని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. పిన్ని తన దొడ్లో కొట్టించి ఇస్తే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి నా చేతిలో గ్లాసు లాక్కున్నంత పని చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఓ రోజు ఒంట్లో బాగుందనిపించి ఊరు దాటి జీడితోటల దాకా పోయాను. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు మొరాయించాయి. ఎలాగో ఊరి మొదటింటి దాకా వచ్చి, అరుగు మీద కూలబడి ఏడ్చేశాను. ఆ ఇంటి పెద్దాయనను ఊరంతా మావా అనే పిలుస్తుంది. వారంలో సగం రోజులు ఆయనకు డయాలసిస్‌తోనే సరిపోతుంది. నా పని అయిపోయింది, ఇంక నేను మనిషిని కాలేనన్నాను. ఆయన నింపాదిగా క్రియాటినిన్ ఎంతుందని అడిగాడు. కిడ్నీ కాదనీ, కణితి తీసేశారనీ, హార్మోన్లు కుదుటపడాలనీ చెప్పాను. పిన్ని కాక, ఆ ఊళ్ళో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే.

"అయితే నీ అలుపు తగ్గిపోద్దన్నమాట," అన్నాడు.

"డాక్టరు అలాగే అంటున్నారు మావా."

"మరింకేటమ్మా? మాది తగ్గదు. తగ్గిపోయేదాని కోసం ఏడుత్తావేటి?"

గొంతులో ఈసడింపు లేదు, ఊరికే అడిగాడు. నాకు సిగ్గేసింది. ఆ వెనకే సంతోషం పొంగుకొచ్చింది. ఆయన ముందు సంతోషించడం ఎలాగో తెలీక మొహం తిప్పుకున్నాను. ఆయన కనిపెట్టేశాడు.

"సంతోసపడమ్మా, తప్పేటి? తగ్గాక ఓసారొచ్చి కనపడు," అన్నాడు.

పలాసలో ఒంటిపూట ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టిన నెలలోనే ఆయనకు కనపడ్డానికి ఆ ఊరు వెళ్ళాను. మధ్యాహ్నమయ్యేసరికి ఇప్పటికీ వాలిపోతున్నానని చెప్పబోతే ఆయన వినిపించుకోలేదు. అప్పటికి బాగా చిక్కిపోయాడు. లోపల పనిలో ఉన్న భార్యను గట్టిగా కేకేసి పిలిచి, ఆవిడ గుమ్మంలోకి రాగానే నన్ను చూపించాడు.

"ఇలాగొచ్చి సూడు, తగ్గింది," అన్నాడు.