పోచారం దారిలో ఖాసిం పేరు

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన సెప్టెంబరులో, ముసల్మాన్ల మీద దాడులవుతున్నాయని ఖాసిం పది రోజులు దుకాణం తెరవలేదు. బన్సీలాల్‌పేటలో అతని మోటారు రిపేరు షాపు మా ఇంటికి రెండు వీధుల అవతల. పన్నెండేళ్ళ స్నేహం మాది. ఆ పది రోజుల్లో నేను ఒక్కసారి కూడా వెళ్ళి అతని తలుపు తట్టలేదు. భయపడ్డానని తరవాత చెప్పుకున్నాను గాని, నా జోలికి వచ్చినవాళ్ళెవరూ లేరు. ఏడాది దాటాక, ఆ తప్పు కొంతైనా దిద్దుకుందామని ఈ ప్రయాణం తలపెట్టాను.

ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత అంబులెన్సు వ్యాను ఒకటి ఖాసిం కొన్నాడు. లోపల రెండు పడకలు, మడిచే బల్ల, స్టవ్వుకి ఒక అర, కుళాయి బిగించిన నీళ్ళ పీపా అమర్చాడు. మెదక్ అవతల పోచారం చెరువు ఉంది. దాని నడుమ చెట్లతో నిండిన లంక, ఒడ్డు పొడుగునా అడవి. పొద్దున్నే వెళ్ళి చీకటి పడేసరికి తిరిగి రావాలని మా ఆలోచన. రెండు వారాల పాటు సిద్ధమయ్యాం. రేషను పెట్రోలు కూపన్లు నేను సంపాదించాను, తిండి సంగతి మా ఆవిడ రూతమ్మ చూసుకుంది. ఇంజనుకి ఎక్కడెక్కడ నీళ్ళు దొరుకుతాయో ఖాసిం చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకున్నాను.

"గిన్ని రాస్తున్నరు, లండన్ పోతున్నమా ఏంది మాస్టర్ సాబ్?" అని నవ్వాడు.

శనివారం తెల్లవారుజామున అయిదుంపావుకి బయలుదేరాం. ఆరుంపావుకి మేడ్చల్, ఏడు దాటాక తూప్రాన్. అక్కడ చాయ్ తాగి ఇంజను చల్లార్చాం. రామాయంపేట దగ్గర, మెదక్ వైపు తిరిగే చోట పోలీసు నాకా ఉంది. ఆ దారిన వెళ్ళే ప్రతి బండినీ ఆపి, ఎవరు నడుపుతున్నారో, ఎందరున్నారో చిట్టాలో రాసుకుంటారు. హెడ్ కానిస్టేబులు మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు, మాట వినగానే గుంటూరు యాస తెలిసింది. మాదీ గుంటూరేనన్నాను. అతని మొహం విప్పారింది.

"డ్రైవరు పేరేంటి మాస్టారూ?" అన్నాడు.

ఖాసిం జేబులోంచి లైసెన్సు తీస్తున్నాడు. అంతలో నేను అందుకుని, "జానండీ, మా చర్చి అబ్బాయే" అన్నాను. హెడ్డు రాసేసుకుని చెయ్యి ఊపాడు. ఖాసిం లైసెన్సు మళ్ళీ జేబులో పెట్టుకుని బండి కదిలించాడు. గొప్ప ఉపకారం చేశాననుకున్నాను. మెదక్ చర్చి గోపురం కనబడినప్పుడు రూతమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. అప్పటికే ఖాసిం నాతో మాట్లాడి గంట దాటింది.

పది గంటలకు చెరువు చేరాం. కట్ట దగ్గర వ్యాను నిలిపి, చేపలు పట్టే రాజయ్య పుట్టి పడవలో లంకకి వెళ్ళాం. నీళ్ళ మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బాతులు. ఒడ్డున మద్దిచెట్లు, టేకు, వెదురు. అడవి అంచున దుప్పుల గుంపు నీళ్ళు తాగుతూ మమ్మల్ని చూసి కూడా కదల్లేదు.

పుట్టి నడుపుతూ రాజయ్య ఊరికే అడిగాడు. "నీ పేరేంది భాయ్?"

"మాస్టర్ సాబ్‌నడుగు. ఇయ్యాల నాకు పేరు పెట్టేది ఆయనే" అన్నాడు ఖాసిం.

రాజయ్య నవ్వాడు. రూతమ్మ నా వంక చూసింది. 

లంక మీద ఖాసిం నమాజు పూర్తిచేసేదాకా రూతమ్మ అన్నం గిన్నె మూత తీయలేదు. తింటున్నప్పుడు నేనే కదిపాను. "నిన్ను కాపాడుదామనే కదా ఖాసిం."

"ఎవరి నుంచి? ఆయన నన్నేమన్నడు? లైసెన్సు చూపెడితే అయిపోతుండె. ఇప్పుడు వాపసు పోయేటప్పుడు లైసెన్సు అడిగితే? చిట్టాల జాన్, లైసెన్సుల ఖాసిం. దొంగపేరు చెప్పినోడని నన్నే పట్టుకుంటరు. లైసెన్సు పోతె నా ఇల్లెట్ల నడవాలె?"

 మెదక్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా ఇంకో దారి ఉందని, అటు వెళ్తే ఈ నాకా తగలదని నెమ్మదిగా అన్నాను.

"ఇంకోసారి దాక్కుందామంటారా?" అంది రూతమ్మ.

"బండి ఎటు తిప్పమంటే అటు తిప్పుత, మాస్టర్ సాబ్" అన్నాడు ఖాసిం.  తిట్టి ఉంటే బాగుండేది.

రెండున్నరకి కట్ట దగ్గర్నుంచి బయలుదేరాం. మెదక్‌లో రెండు దారులూ చీలే చోట బండి ఆపి నా వైపు చూశాడు. వచ్చిన దారే చూపించాను. నాలుగున్నరకి నాకా దగ్గర నేనే ముందు దిగి, హెడ్డుతో పొద్దున అబద్ధం చెప్పానని, అది నా సొంత నిర్వాకమని, డ్రైవరు తప్పేమీ లేదని చెప్పాను.

హెడ్డు చిట్టా తెరిచి పొద్దుటి పేరు వెతికాడు. "మన ఊరాయన కదా అని నమ్మాను. బళ్ళో పిల్లలకి ఇవే నేర్పుతారా?"

"తప్పయింది" అన్నాను.

"మీరు కాసేపు ఊరుకోండి. ఏమయ్యా, నీ పేరు నువ్వు చెప్పు."

"షేక్ ఖాసిం. బాపు పేరు మస్తాన్. బన్సీలాల్‌పేట" అని, లైసెన్సు బల్ల మీద పెట్టాడు. హెడ్డు పాత పేరు కొట్టేసి కొత్తగా రాసుకున్నాడు. నా చేత కాగితం మీద జరిగినదంతా రాయించి సంతకం పెట్టించాడు. కబురంపితే స్టేషనుకి రావాల్సి ఉంటుందన్నాడు. లైసెన్సు మాత్రం ఖాసిం చేతికే తిరిగి ఇచ్చాడు. మొత్తం ముప్పావుగంట పట్టింది.

తూప్రాన్ దాటేసరికి పొద్దు వాలింది. వెనక పడక మీద రూతమ్మ నిద్రపోయింది. పోచారం వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే: చలికాలంలో వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి, లంక మీద కనీసం మూడు గంటలు ఉండండి. అంత ప్రశాంతమైన చోటు మన చుట్టుపక్కల ఇంకొకటి నేను చూడలేదు. స్నేహితుణ్ణి అంత దూరం తీసుకెళ్ళి కూడా ఆ ప్రశాంతత అతనికి దక్కకుండా చేసింది నేనే.

మేడ్చల్ దగ్గర, "ఆ సెప్టెంబరులో మీ ఇంటికి రావాల్సింది ఖాసిం. రాలేదు. అదీ తప్పే" అన్నాను.

అతను ఎదురుగా వస్తున్న ఎడ్లబండికి దారి ఇచ్చి, "ఆ పది దినాలు మా అమ్మ రోజూ అడిగింది, మాస్టర్ సాబ్ వచ్చిండా అని" అన్నాడు. "జెర ఆ కిటికీ మూయుండి. చలి వస్తున్నది."