సారపాక నుంచి ఐదు మజిలీలు

ఆదివారం పొద్దున ఐదు నలభైకి ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సంచిలో నాలుగు రెంచీలు, స్క్రూడ్రైవరు, కొత్త స్పార్క్ ప్లగ్గు, లీటరు ఇంజిన్ ఆయిలు, వీటన్నిటికంటే భద్రంగా ఒక నలభై పేజీల నోటుబుక్కు ఉన్నాయి. నేను గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పడతాను. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయాల్లోనే. మోటారు సైకిళ్ల మరమ్మతు మీద మా గ్రంథాలయంలో ఒకే ఒక్క పుస్తకం ఉంది. నాలుగు సాయంత్రాలు కూర్చుని దాన్ని బొమ్మలతో సహా ఈ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.

సారపాకలో ఐదేళ్లుగా కదలని బండి ఒకటి ఉంది. అది సీతారాములన్నది. కాగితం మిల్లులో వెదురు దించే పనికి పోయిన రోజుల్లో నేను ఆయన గదిలోనే ఉండేవాణ్ణి. ఆదివారాలు ఆయన బండి నడిపితే నేను వెనక కూర్చుని, గోదావరి వంతెన దాటి భద్రాచలం గ్రంథాలయానికి పోయేవాళ్లం. ఆయనకు చదువు రాదు. నేను లోపల ఉన్నంతసేపూ బయట మెట్ల మీద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. తిరుగు దారిలో వంతెన ఎక్కగానే, "ఊఁ, ఏం చదివినవో చెప్పు" అనేవాడు. గాలి హోరులో ఆయన చెవి దగ్గర అరిచి చెప్పేవాణ్ణి. నేను చదివింది అడిగి విన్న మనిషి ఇప్పటిదాకా ఆయన ఒక్కడే. జబ్బు చేసి ఐదేళ్ల కింద పోయాడు.

పోయిన వారం ఆయన భార్య, సరోజన వదిన, ఫోన్ చేసింది. కిరాయి ఇల్లు ఖాళీ చేసి బోనకల్‌లో చెల్లెలి దగ్గరికి పోతోందట. "నడిస్తె నువ్వు తీస్కపో తమ్మీ. నడవకపోతె సోమవారం పాత సామాన్లోనికి ఇచ్చేస్త" అంది. అంటే నాకున్నది ఈ ఒక్క ఆదివారమే.

బస్సు ఏన్కూరులో ఆగినప్పుడు పక్క సీట్లోకి ఒక పెద్దమ్మ వచ్చింది. నోటుబుక్కు చూసి ఏం పరీక్ష అని అడిగింది. పరీక్ష కాదు, బండి రిపేరు అన్నాను. "పుస్తకం చూసి చేస్తవా? మా అల్లుడు పుస్తకం లేకుంటనే చెడగొడతడు" అని జూలూరుపాడులో దిగేదాకా నవ్వుతూనే ఉంది.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. ఇడ్లీ తినేవాళ్లు అక్కడే తినాలి. పాల్వంచలో ఆగేది ఎక్కి దిగేంతవరకే. కిన్నెరసాని వంతెన దాటాక అడవి. రోడ్డుకు రెండు పక్కలా టేకు, తునికి. ఫోన్‌లో సిగ్నలు పోతూ వస్తూ ఉంటుంది. ఎనిమిది యాభైకి సారపాకలో దిగాను.

బండి రేకుల పంచ కింద ఉంది. మీద కప్పిన పాత చీర వదిన తీసింది. దుమ్ము పట్టి ఉంటుందనుకున్నాను, కానీ తళతళలాడుతోంది. "ఐదు దసరాలు. ఒక్కటి తప్పలే తమ్మీ. కడిగి పూజ చేసిన" అంది. హెడ్‌లైటు, హ్యాండిలు, పెట్రోలు మూత, అన్నిటి మీదా పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ. ఆమె నుదుట మాత్రం ఏమీ లేదు.

తొమ్మిదికి పని మొదలుపెట్టాను. ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. అది పారబోసి, కడిగి, కొత్తది పోశాను. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు వేశాను. గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే, మూడో ప్రయత్నానికి లోపల పిస్టను మెల్లగా కదిలింది. టైర్లకు గాలి కొట్టడానికి సందు చివరి మెకానిక్ ఖాజా వచ్చి, నోటుబుక్కు చూసి, "పుస్తకంల గ్రీజు వాసనొస్తదా సార్?" అన్నాడు. నిలవ పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోయి జిగురు ఎట్లా మిగులుతుందో, అది కార్బరేటరులో సన్న దారులను ఎట్లా మూస్తుందో వివరించాను. ఓపిగ్గా విని, "మేం గూడ గదే కడుగుతం. గింత కథ ఉందని తెల్వదు" అన్నాడు.

కార్బరేటరు విప్పి కడిగి, కొత్త ప్లగ్గు బిగించాక, పన్నెండు పదికి, ఎన్నో కిక్కుకో లెక్క పెట్టలేదు, ఇంజిను అందుకుంది. వదిన వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "గదే సప్పుడు" అంది, అంతే.

పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. కాసేపు ఉండి కొడితే మళ్లీ అందుకుంది, మళ్లీ ఆగింది. మూడుసార్లు అదే తంతు. కార్బరేటరే పోయిందని, ఆదివారం నాడు కొత్తది దొరకదని ఖాజా అన్నాడు. వదిన లోపలికి పోయింది.

నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చదివాను. చివర్లో, నేనే సన్నగా రాసుకున్న ఒక వాక్యం. పెట్రోలు మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటుంది, అది మూసుకుంటే పెట్రోలు కిందికి దిగదు. మూత తిప్పాను. ట్యాంకు ఊపిరి పీల్చినట్టు బుస్సుమంది. దొరికింది అని అరవాలనిపించింది. అంతలో చేతిలోని మూత చూశాను. రంధ్రం ఉన్నచోటే ఐదు దసరాల పసుపు కుంకుమ పెచ్చు కట్టి ఉంది.

వదినను పిన్నీసు అడిగాను. కొంగు దగ్గరిది తీసిచ్చి, ఏమైందంది. "దుమ్ము వదినా. అంతే" అన్నాను. ఆమెకు వీపు చేసి కూర్చుని రంధ్రం గీకాను. రాలిన ఎర్ర పొడిని కింద పడనీయకుండా కాగితంలో పట్టి జేబులో పెట్టుకున్నాను. ఖాజా చూశాడు. చూసి, రెంచీలు సర్దడం మొదలుపెట్టాడు.

ఈసారి అరగంట నడిచినా ఆగలేదు. వదిన వడ్డించిన పప్పు, టమాటా పచ్చడితో అన్నం తిని, రెండు నలభైకి బయల్దేరబోతుంటే ఆమె పళ్లెం పట్టుకుని వచ్చింది. దూరం పోయే బండి కదా అంది. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, హెడ్‌లైటుకు, హ్యాండిలుకు బొట్టు పెట్టింది. తర్వాత తడి కుంకుమ బొటనవేలితో తీసుకుని పెట్రోలు మూత మీద, సరిగ్గా ఆ రంధ్రం మీదే, గట్టిగా అద్దింది. ఖాజా నా మొహం చూశాడు. నేను నేల చూశాను.

"నిమ్మలంగ పో తమ్మీ."

"అట్లనే వదినా."

మొదటిసారి ఆగింది అడవిలో, కిన్నెరసాని ఇంకా రాకముందే. బస్సులో పోయేవాళ్లకు ఈ అడవి కనిపిస్తుందే కానీ వినిపించదు. ఇంజిను ఆగితే టేకు ఆకు రాలి నేల తాకిన చప్పుడు కూడా వినిపిస్తుంది. మనిషి జాడ లేదు. తిరిగివ్వడం మరిచిన పిన్నీసు జేబులోనే ఉంది. దాన్ని తీయలేదు. మూత తిప్పి, బుస్సుమనగానే బిగించి, కిక్కు కొట్టాను. రెండోసారి పాల్వంచ దాటాక, మూడోసారి సుజాతనగర్ దగ్గర, అదే పని.

నాలుగోసారి ఏన్కూరులో, సాయంత్రం ఆరున్నరకు, టీకొట్టు ముందు ఆగింది. టీ తాగుతున్న ఒక రైతు వచ్చి పెట్రోలు అయిపోయిందా అన్నాడు. నేను మూత తిప్పితే బుస్సుమన్న చప్పుడు విని, "గాలి బొక్క మూసుకుంది గదా" అంటూ గోరు చాపాడు. ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"వద్దన్నా. ఉండనియ్."

"మరి ఖమ్మం దాక గిట్లనే ఆగుకుంట పోతవా?"

"అవ్."

ఆయన బొట్టు వైపు, నా వైపు చూసి, "సరె, ఛాయ్ తాగి పో" అన్నాడు. టీ తాగుతుండగా వదిన ఫోన్. ఏడన్న ఆగిందా అని అడిగింది. ఆగలేదు, మస్తు నడుస్తుంది అని చెప్పాను.

పొద్దున మూడు గంటల్లో వచ్చిన దారికి సాయంత్రం దాదాపు ఐదు గంటలు పట్టింది. సారపాక పోవాలనుకునేవాళ్లకు బస్సే మేలు. ఆ బండి మీద నేను ఎప్పుడూ వెనక కూర్చున్నవాణ్ణే. ముందు కూర్చోవడం అదే మొదలు, వెనక సీటు ఖాళీగా పోవడమూ అదే మొదలు. ఏన్కూరు దాటాక వేగం తగ్గించి, తల కొద్దిగా పక్కకు తిప్పి, చెప్పడం మొదలుపెట్టాను. మూతలో గాలి రంధ్రం ఎందుకు పెడతారో, అది ఎట్లా మూసుకుందో, ఎవరి చేతితో మూసుకుందో, వదినతో ఏమని అబద్ధమాడానో, అన్నీ. ఊఁ అనేవాళ్లు లేరు. కొణిజర్ల దగ్గర బండి ఐదోసారి ఆగేదాకా చెబుతూనే ఉన్నాను.