ఇద్దరూ ఎర్ర నక్షత్రం కిందే

మా నాన్నను ఊళ్ళో అందరూ రంగుల మేస్త్రి అంటారు. ఇళ్ళకు, షాపులకు, బడి గోడలకు రంగులు వేయించడం ఆయన పని. అమ్మ పుట్టినరోజు డిసెంబరు ఇరవై మూడు. ఈ రెండింటికీ మా ఇంట్లో ఎన్నడూ పొసగలేదు. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ గోడలు కొత్తగా కనబడాలని ఊరంతా ఒకేసారి మేలుకుంటుంది. నవంబరులో నిచ్చెన ఎక్కిన నాన్న జనవరిలోగానీ దిగడు.

పెళ్ళయిన కొత్తలో ఆయన అమ్మకు ఒక మాట ఇచ్చాడు. నీ పుట్టినరోజుకు పెద్ద పట్నం తీసుకెళ్తాను, క్రిస్మస్ దీపాల వీధి చూపిస్తాను అని. ఒక ఏడాది బ్యాంకు కొత్త భవనం అడ్డొచ్చింది. ఒక ఏడాది వాన. ఒక ఏడాది నేను పుట్టాను. అమ్మ పాత క్యాలెండరులోంచి ఆ వీధి బొమ్మ చించి బీరువా తలుపు లోపల అంటించుకుంది. "ఎక్కడికీ పోదులే ఆ పట్నం. మనమే పోయేట్టున్నాం" అనేది నవ్వుతూ.

అయినా అమ్మ నాన్నను నిష్ఠూరమాడగా నేను వినలేదు. అందుకు కారణం మా ఇంటి సాయంత్రాలు. పని నుంచి రాగానే నాన్న కాళ్ళు కడుక్కుని, రంగు నమూనాల అట్టలు టేబుల్ మీద పరిచేవాడు. "జడ్జిగారూ, తీర్పు చెప్పాలి. హాలు ఇది, కిటికీలు ఇవి. ఎలా ఉంటుందంటారు?" అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేది. ఇది కళ్ళల్లో గుచ్చుతోంది, అది నీరసంగా ఉంది, దీని పక్కన అది పెట్టండి అని చెప్పేది. నాన్న పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాడు. మర్నాడు అచ్చం అలాగే వేయించేవాడు. మా పిన్ని ఒకసారి "మా ఆయన పెరుగు పుల్లగా ఉందా అని కూడా నన్నడగడు, బావగారు నయం" అంది. అమ్మ ఆ మాట ఏడాదిపాటు తలుచుకుని మురిసింది.

ఈసారి అమ్మకు యాభై. నాన్న పని ఆపేశాడు. నేనే రైలు టిక్కెట్లు తీసి, లాడ్జిలో గది మాట్లాడాను. బయలుదేరే ముందు అమ్మ ఒక షరతు పెట్టింది.

"నాకో శాలువా కొనిపెట్టండి. రంగు మీరే ఎంచాలి. నన్నడగొద్దు. షాపులో వాళ్ళనీ అడగొద్దు."

"నాకేం తెలుస్తుందే?"

"ఊరందరి గోడలకూ తెలుస్తుంది, పెళ్ళాం భుజాల దగ్గరికొచ్చేసరికి తెలియదా?"

నాన్న ముఖం పాలిపోయింది. షాపులంటే ఆయనకు చిరాకని నేను అనుకున్నాను. టమాటాలు తెమ్మంటే సగం పచ్చివి తెచ్చే మనిషి కదా అని నవ్వాను కూడా. అమ్మకు కావలసింది శాలువా కాదు. ముప్పై ఒక్కేళ్ళు తన మాటకు ఇంత విలువ ఇచ్చిన మనిషి, తనను చూసి తానుగా ఏం ఎంచుతాడో తెలియాలి. ఆమెకు ఆ ప్రయాణం అందుకే.

ఇరవై మూడో తారీఖు సాయంత్రం ఆరున్నరకు ఫోను మోగింది. నేను మా పాపకు జలుబు మందు పోస్తున్నాను. జ్వరం నూటొకటి దాటితే ఏం చేయాలో అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నాను.

"మీ నాన్నకేదో అయిందే" అంది అమ్మ.

జరిగింది ఇదీ. ఆ వీధిలో అయిదంతస్తుల బట్టల షాపుకు ఇటొక వాకిలి, అటొక వాకిలి. రెండింటి పైనా మనిషి ఎత్తు దీపాల నక్షత్రాలు. అమ్మ నాన్నను లోపలికి పంపి, "నేను ఈ ఎర్ర నక్షత్రం కిందే ఉంటా" అంది. ముప్పావుగంట గడిచినా ఆయన రాలేదు. అమ్మ ఫోను చేసింది.

"ఎక్కడున్నారండీ?"

"నక్షత్రం కింద."

"నక్షత్రం కింద నేనున్నా. మీరు లేరు."

"నేనున్నానే, నువ్వే లేవు."

"ఏ నక్షత్రం?"

"ఎర్రదే. నువ్వు చెప్పిందే."

"ఎర్రదాని కింద నేనున్నానండీ! నేను, బెలూన్లమ్మే ఒకాయన, ఒక కుక్క. మీరెక్కడున్నారు?"

"అయితే నేనెక్కడున్నానే?" అన్నాడట నాన్న.

ఆ మాటకే అమ్మ భయపడి నాకు ఫోను చేసింది. ఉన్న చోటు తెలియడం లేదు, మాట తడబడుతోంది, చలి, అరవైకి దగ్గర పడుతున్న మనిషి. మెదడుకు రక్తం ఆగిపోతే ఒక్కో నిమిషమూ లెక్కే. పాపను భుజాన వేసుకుని నాన్నకు ఫోను చేశాను.

"నాన్నా, ఒకసారి నవ్వు."

"ఏంటి?"

"నవ్వు నాన్నా, తర్వాత చెబుతా. మూతి ఒక పక్కకి లాగుతోందా?"

"లేదే. ఇక్కడ జనం చూస్తున్నారు."

"రెండు చేతులూ పైకెత్తు."

"ఫోను ఎవరు పట్టుకుంటారు?"

"స్పీకర్లో పెట్టి జేబులో వేసుకో."

పాపం, ఆయన చేతులు ఎత్తినట్టున్నాడు. పక్కనెవరో "ఏమైంది మాస్టారూ, ఎవరన్నా బెదిరిస్తున్నారా?" అనడం వినిపించింది. "లేదండీ, మా అమ్మాయి" అన్నాడు నాన్న.

"ఇప్పుడొక వాక్యం చెప్పు. పూర్తిగా."

"ఇవాళ మా ఆవిడ పుట్టినరోజు. ఆమె కనబడటం లేదు."

ఎక్కడా తడబాటు లేదు. ఊపిరి పీల్చుకున్నాను. పక్షవాతం కాదు. మరేమిటి? ఊరికే, ఇంకేం అడగాలో తెలియక అడిగాను.

"తలెత్తి చూసి చెప్పు. నీ నెత్తి మీద నక్షత్రం ఏ రంగు?"

ఫోనులో పాటలు, బండ్ల హారన్లు.

"నాన్నా?"

"ఎరుపు... కాదా?"

ఆ 'కాదా' విన్నాక నాకు అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి ఇంకాసేపు పట్టింది. పక్కనున్న ఆయన్ను అడగమన్నాను. అడగలేదు. "అక్కర్లేదులే" అన్నాడు. ఆ మాటలో దొరికిపోయిన మనిషి అలసట ఉంది.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని తండ్రికి పుట్టిన ప్రతి కూతురిలోనూ ఆ లక్షణం బయటపడకుండా దాగి ఉంటుందని, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. తండ్రికి నిండా నలుపు నింపిన చతురస్రం, దాని కింద కూతురికి సగం నలుపు నింపిన గుండ్రం. అయిదేళ్ళుగా గీస్తున్నాను. ఆ గుండ్రం నేనేనని ఆ సాయంత్రం, చేతిలో మందు చెంచాతో, తెలిసింది. ఊరంతటికీ రంగులు వేసిన మనిషి మా నాన్న. ఆయన తెచ్చిన టమాటాలను చూసి నవ్విన దాన్ని నేను.

"ఎప్పటినుంచి తెలుసు నాన్నా?"

"మూడో క్లాసు. ఆకులకి ఎర్ర సుద్ద పూశానని మాస్టారు కొట్టాడు. అప్పుడు."

"మరి ఈ పనిలోకి ఎలా..."

"నేను చేరింది సున్నం వేయడానికమ్మా. అప్పుడు అందరి గోడలూ తెలుపే. రంగులు తర్వాతొచ్చాయి. అప్పటికి నాకు వేరే పని రాదు." కాసేపాగి, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు.

"నేను చెప్పను. నువ్వే చెప్పు. నీకు పక్షవాతం వచ్చిందనుకుని అక్కడ ఆవిడ వణికిపోతోంది. ఆవిడనే షాపులోంచి నీ వైపు వాకిలికి రమ్మంటాను, నువ్వు కదలకు."

ఆ తర్వాత జరిగింది ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటల్లోనూ తేడా లేదు.

అమ్మ పరుగున వచ్చి ఆయన నుదురు తాకి, చేతులు పట్టి చూసి, పైకి చూసింది. "ఇది ఆకుపచ్చ కదండీ!"

"ఏమో. నాకు రెండూ ఒకలాగే ఉంటాయి."

అమ్మ నవ్వింది. పుట్టినరోజు పూట ఆట పట్టిస్తున్నాడనుకుంది. ఆయన నవ్వలేదు.

"మీ చొక్కా ఏ రంగు?"

"బూడిద రంగు. నువ్వు చెప్పావుగా."

"మన వీధి తలుపు?"

"ముదురు ఎరుపు. నువ్వు చెప్పావుగా."

"నా పెళ్ళి చీర?"

నాన్న నేల చూశాడు. "అది మీ అమ్మగారు చెప్పారు."

అమ్మ షాపు మెట్ల మీద కూర్చుండిపోయింది. పైనుంచి జనం సంచులతో దిగుతున్నారు, పక్కకు జరగమంటున్నారు, ఆమె జరగలేదు. అక్కడే కూర్చుని అడిగింది.

"అయితే ఆ సాయంత్రాలన్నీ..."

నాన్న చేతిలోని శాలువా సంచి ఆమె పక్కన మెట్టు మీద పెట్టాడు.

"నన్ను జడ్జిగారూ జడ్జిగారూ అని పిలిచి కూర్చోబెట్టారే. నేను జడ్జీనీ కాదు, ఏమీ కాదు. మీ కళ్ళజోడుని."

"అలా కాదే. రంగు పేరు డబ్బా మీద ఉంటుంది, చదువుకుంటాను. కలిపేవాళ్ళు నంబరు చూసి కలుపుతారు. దానికి నువ్వక్కర్లేదు. బాగుందో లేదో డబ్బా మీద రాయరు. అది నువ్వే చెప్పాలి."

"ముందే ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే జాలిపడి చెబుతావు. తెలియదు కాబట్టి నిజం చెప్పావు."

ఈ జవాబుకు ఆమెకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదట. సంచి అందుకుని శాలువా బయటికి తీసింది.

"ఎవరినీ అడగలేదు" అన్నాడు నాన్న వెంటనే. "నీలం ఒక్కటే నాకు నమ్మకంగా కనబడుతుంది. అందుకే నీలం తీశాను. నేనే ఎంచాను."

అమ్మ దీపం వెలుగులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది. "ఇది ఊదా రంగండీ."

నాన్న ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. యాభై ఏళ్ళుగా తనదనుకున్న ఒకే ఒక్క రంగు కూడా పూర్తిగా తనది కాదని అప్పుడే తెలిసింది ఆయనకు. నీలంలో కొంత ఎరుపు కలిస్తే ఊదా. ఆ ఎరుపు ఆయనకు చేరదు. నేను తర్వాత ఫోనులో ఈ సంగతి వివరించబోతే, "ఇప్పుడొద్దులే తల్లీ" అన్నాడు.

అమ్మ శాలువా కప్పుకుంది. చలికేనని నాకు గట్టిగా చెప్పింది. దీపాల వీధి చివరిదాకా ఇద్దరూ నడిచారట. ఏం చూశారో ఇద్దరికీ గుర్తులేదు.

తిరుగు రైల్లో అమ్మ మాట్లాడింది ఒకే ఒక్కసారి. "నేనెవరికైనా చెబితే మీ పని పోతుంది. చెప్పకపోతే నా పని పోయినట్టే."

వాళ్ళను తీసుకురావడానికి నేను స్టేషనుకు వెళ్ళాను. ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ మలుపు దగ్గర ఆగిపోయింది. "ఆ మేడకి గంధం రంగు నేనే చెప్పాను" అంది. నాలుగడుగులు వేసి, "ఈ మందుల షాపు కూడా." తర్వాత తపాలాఫీసు, బడి ప్రహరీ, మూడు ఇళ్ళు వరసగా. ఆమె గొంతులో మొదట ఉన్న కోపం పోయి ఇంకేదో చేరింది. "ఏమే, సగం ఊరికి రంగు నేనే వేయించానా?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ నోరు తెరుచుకుని చూస్తున్నాను. రోజూ నడిచే వీధే అది. వెనక నాన్న రెండు పెట్టెలూ మోసుకొస్తూ అంతా విన్నాడు.

ఇరవై ఏడున పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి పని మొదలుపెట్టాలి. ఆయన ఇంటికీ రెండేళ్ళ క్రితం నాన్నే రంగు వేశాడు. ఆ ఉదయం నాన్న, "నాతో ఒకసారి రా" అని అమ్మను పిలిచాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఊదా శాలువా కప్పుకుని వెళ్ళింది. పాపకు పళ్ళు చూపించే నెపంతో నేనూ వెళ్ళాను. దానికి ఉన్నవి నాలుగు పళ్ళు.

డాక్టరుగారు ఖాళీ గది మధ్య నిలబడి, "మేస్త్రీ, లేత ఆకుపచ్చ వేద్దామా? మీ కన్ను తిరుగులేనిది, మీరే చెప్పాలి" అన్నారు.

నాన్న చేతిలోని అట్టలు బల్ల మీద పెట్టాడు.

"నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు సార్. పుట్టినప్పటినుంచీ అంతే. ఇన్నేళ్ళూ ఏది బాగుంటుందో చెప్పింది మా ఇంటావిడ. ఆవిణ్ణి అడగండి."

జీవితమంతా ఇతరుల నోళ్ళు తెరిపించిన మనిషి, తన నోరు మూయడం మరిచిపోయారు. అమ్మ అయితే గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఈ మాట నాన్న నోటివెంట వస్తుందని ఆమె ఊహించలేదు. నాన్న టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, పని ఉంటుందో పోతుందోనని డాక్టరుగారి వైపు చూస్తున్నాడు.

డాక్టరుగారు అమ్మ వైపు తిరిగారు. "అంటే... మా ఇంటి రంగులు కూడా మీరేనా అమ్మా?"

"అవునండీ."

"ఆ మెట్ల దగ్గర గులాబీ రంగు? వచ్చినవాళ్ళంతా నవ్వుతున్నారు..."

"అది మీ ఆవిడగారు పట్టుబట్టి వేయించుకున్నది. నేను వద్దనే చెప్పాను" అంది అమ్మ. అని, నాన్న పెట్టిన అట్టలు తీసుకుని కిటికీ వెలుతురు దగ్గరికి నడిచింది.